నఫ్తాలి పీట

ఎల్కానా మాస్టారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటు. దేవుడు ఎక్కడుంటాడని అడిగినవాడి చేత ఆయన ఒకసారి బావిలో పూడిక తీయించాడు. ఆ మనిషి మధ్యాహ్నం దాకా బురదలో ఉండి, ఊట పడ్డాక పైకొచ్చి, మళ్లీ ఆ ప్రశ్న జోలికి పోలేదు. అందుకని ఉప్పుకాలవపేటలో ఆయన్ని ఏదైనా అడగాలనుకున్నవాళ్లు, ఆ పూటకి తమకి వేరే పనులేవీ లేవని చూసుకుని మరీ అడిగేవాళ్లు.

ఉప్పుకాలవపేట చీరాల దిక్కున, సముద్రానికి కాస్త ఇవతల, ఇరవైమూడు గడపల నేతగాళ్ల పేట. వాళ్ల మాట తెలుగు, మగ్గం తెలుగు, గోంగూరలో వేసుకునే ఎండుమిరపకాయ తెలుగు. ప్రార్థన మాత్రం హీబ్రూ. వాళ్లు యూదులు. ఎప్పటినుంచి అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్తారు, అందరూ తమ కథే అసలుదని ఒట్టేసి మరీ చెప్తారు.

ఎక్కువ ఏళ్లు ఆశ్వయుజ పున్నమికి, అధికమాసపు లెక్క తేడా వచ్చిన ఏళ్లలో ఒక నెల ముందుగా, వాళ్ల పందిళ్ల పండగ మొదలవుతుంది. ఇంటి ముందు తాటాకు, కొబ్బరాకు కప్పి పందిరి వేసి, ఏడు రోజులూ అన్నం అందులోనే తింటారు. కప్పు సందుల్లోంచి చుక్కలు కనపడాలని నియమం. కూరలో వాన పడేటట్టుంటే ఇంట్లోకి పోవచ్చని దయ. ఎనిమిదో రోజు వాన కోసం ప్రార్థన చేస్తారు. తుఫాన్ల నెలలో చీరాల దిక్కున వానని అడగటం ఏమిటని ఎవరైనా నవ్వితే, అది యెరూషలేము చేల కోసమని చెప్తారు. ఇక తొమ్మిదో రోజుది అన్నిటికన్నా పెద్ద సంతోషం. ఏడాది పొడుగునా శనివారానికొక పాఠం చొప్పున చదువుకొచ్చిన తోరా ఆరోజు ముగుస్తుంది. ముగిసిన ఊపిరితోనే, కూర్చున్నచోటి నుంచి లేవకుండా, సృష్టి మొదలైన మొదటి పుట మళ్లీ చదువుతారు.

తోరా అంటే అట్టలు కట్టిన పుస్తకం కాదు. తోలు పుటలు ఒకదానికొకటి నరంతో కుట్టి, రెండు కర్రలకి చుట్టిన పొడవాటి చుట్ట. స్తోమత ఉన్న చోట్ల ఈ పండక్కి రెండు తోరాలు పెట్టుకుంటారు, ఒకదాంట్లో ముగించి రెండోదాంట్లో మొదలుపెడతారు. ఉప్పుకాలవపేటలో ఉన్నది ఒక్కటే. అందుచేత ఆఖరి పుట నుంచి మొదటి పుట దాకా మొత్తం వెనక్కి తిప్పాలి, జనమంతా కూర్చుని చూడాలి. ఊరికే చూస్తూ కూర్చోవటం తోచకో ఏమో, ఎప్పుడో ఎవరో ఒక ఆచారం పెట్టారు. ఏ వారపు పాఠం తిరుగుతుంటే ఆ వారం పేటలో జరిగింది ఎవరో ఒకరు కేకేసి చెప్పాలి. అట్లా ఏడాదంతా వెనక్కి నడిచి వచ్చేది.

ఈ ఏడు అది వెనక్కి నడిచి రాకూడదని అషేరు కోరిక. అషేరు మాస్టారి దగ్గర పన్నెండేళ్లుగా చదువుకుంటున్నవాడు, నిరుడు పోయిన నఫ్తాలికి తమ్ముడు. నిరుడు పండగైన రెండోవారం తుఫాను వచ్చింది. కాలవ గట్టు తెగి ప్రార్థనాలయంలోకి నీళ్లు వస్తుంటే, నఫ్తాలి తోరాని టార్పాలిన్‌లో చుట్టుకుని, నెత్తిన పెట్టుకుని, హైస్కూలు మేడమీదికి చేర్చాడు. తిరిగి వస్తూ తూము దగ్గర కొట్టుకుపోయాడు. రెండోనాడు దొరికాడు. ఆ శనివారం చదవాల్సిన పాఠం నోవహు జలప్రళయం. ఆ తర్వాత అతని భార్య కెజీయా ప్రార్థనాలయం గడప తొక్కలేదు. "వాన కావాలని అడిగారుగా, వచ్చింది," అని ఒక్కమాట అన్నది. ఆ తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు.

బొంబాయి నుంచి ఒక సంఘంవాళ్లు రెండో తోరా ఇస్తామని ఉత్తరం రాశారు. ఉత్తరం వచ్చి రెండు నెలలైనా మాస్టారు జవాబు రాయలేదు. తొమ్మిదో రోజు పొద్దున, ప్రార్థనాలయం అరుగు మీద ఆయన ఒక్కడే దొరికేసరికి అషేరు అడిగేశాడు.

"సంబరం రోజున ఏడాదంతా వెనక్కి తిప్పుకుని చూసుకోవటం ఎందుకు మాస్టారూ? ఇస్తామంటున్నారుగా, తీసుకుందాం. అందరిలాగా ఒకదాంట్లో ముగించి ఇంకోదాంట్లో మొదలుపెట్టుకుందాం."

"ఈ ఏడు తోరా తిప్పేటప్పుడు మీ అన్న చోట నువ్వే కూర్చోవాలి," అన్నాడు మాస్టారు. "ముందు మీ వదిన దగ్గరికెళ్లి వాడి పీట పట్రా."

పని పడనే పడింది. అది మామూలు పని కాదు, ఆ ఇంటికి వెళ్లటం.

వెళ్లేసరికి పండగపూట రాట్నం చప్పుడు వినపడుతోంది. పేటలో ఆరోజు ఒక్క మగ్గం ఆడదు, ఒక్క కండె చుట్టరు. కెజీయా వసారాలో కూర్చుని, అందరికీ వినపడాలన్నట్టే కండెలు చుడుతోంది. ఇంటి ముందు పందిరి లేదు. అషేరు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మాస్టారు అన్న పీట తెమ్మన్నారు వదినా," అన్నాడు.

"ఎవరు కూర్చుంటారంట దానిమీద?"

"నేనే."

రాట్నం ఆగింది. ఆమె లోపలికి వెళ్లి పీట తెచ్చి అతని చేతికివ్వకుండా గడప మీద పెట్టింది. వేపచెక్క పీట, ఒకపక్క అరిగి నున్నబడింది. అషేరు దాన్ని తీసుకుని నాలుగడుగులు వేశాక వెనక్కి చూశాడు. ఆమె చేతులు కడుక్కుని, కొంగున తుడుచుకుని, దూరంగా వెనకాలే వస్తోంది. ఏడాది తర్వాత ఆమె ఆ దారి పట్టటం చూసి అతనికి సంతోషం వేయలేదు, భయం వేసింది.

ప్రార్థనాలయంలో అప్పటికే ఏడు ప్రదక్షిణలూ మొదలయ్యాయి. తోరాని ఎత్తుకుని ఆడుతున్నారు. ఉన్నది ఒక్కటే కాబట్టి ఒకరి చేతుల్లోంచి ఒకరు లాక్కోవటమే ఒక ఆట. డెబ్బై దాటిన జెబూలూను పెదనాన్న మోకాళ్ల నొప్పులు మర్చిపోయి, ఇచ్చినట్టే ఇచ్చి మళ్లీ లాక్కున్నాడు. పిల్లలు జెండాలు ఊపుతున్నారు. తోరాకి తొడిగిన బట్ట కనకాంబరం రంగుది, నెమలికంఠం అంచు. అది కెజీయా పెళ్లిచీర కొంగు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆరోజు ఎవరూ గుర్తు చేసుకోలేదు. కెజీయా లోపలికి రాలేదు. గుమ్మం పక్కన స్తంభాన్ని పట్టుకుని నిలబడింది.

ఆఖరి పాఠం చదివారు. మోషే కొండెక్కి, ఇస్తానన్న దేశాన్ని కళ్లతో చూసి, కాలు పెట్టకుండానే కన్ను మూశాడు. ధైర్యంగా ఉండండి, ధైర్యంగా ఉండండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. తొడుగు తీసి పక్కన మడిచిపెట్టి, తోరాని బల్ల మీద పరిచి, రెండు పక్కలా ఇద్దరు కూర్చున్నారు. ఎడమకర్ర దగ్గర రూబేను, కుడికర్ర దగ్గర, నఫ్తాలి పీట మీద, అషేరు.

ఈ తిప్పటంలో ఒక కిటుకు ఉంది. ఎడమపక్కవాడు చుడతాడు, కుడిపక్కవాడు వదులుతాడు. చుట్టటం ఎవరికైనా వస్తుంది. వదలటం రావాలి. ఎక్కువ వదిలితే తోలు వదులై ఒకపక్కకి జారుతుంది, బిగపడితే కుట్టు తెగుతుంది. కుట్టు తెగితే దాన్ని బాగుచేసేదాకా ఆ తోరాలో చదవకూడదు, ఆ బాగుచేసే మనిషి రావాలంటే ఎంత దూరం నుంచో రావాలి. నఫ్తాలి పద్ధెనిమిదేళ్లు వదిలాడు, ఒక్కసారి కూడా అంచు ఒరగలేదు.

"శ్రావణం, విను అనే పాఠం!" అని మాస్టారు చదివాడు.

"రూబేను మగ్గం గుంటలోకి తేలొచ్చిన వారం!" అని ఎవరో అరిచారు.

"తేలు కాదు, జెర్రి. వాడు చేసిన అల్లరికి తేలనుకున్నాం."

నవ్వులు. రూబేను నవ్వుతూ చుడుతున్నాడు. ఆషాఢం వచ్చింది, బిలాము గాడిద మాట్లాడిన పాఠం. ఆ వారం ఎవరిదో గాడిద ప్రార్థనాలయంలోకి వచ్చి నిలబడిందట. జెబూలూను పెదనాన్న దాన్ని వెంటనే తోలకుండా, ఏమన్నా చెప్తుందేమోనని కాసేపు చూశాడట. జనం పగలబడి నవ్వారు. అషేరు నవ్వలేకపోయాడు. అతని అరచేతులు చెమటపట్టాయి. తోలు అంచు వేలెడు ఒరిగింది. సరిచేద్దామని బిగించాడు. ఎక్కడో కుట్టు దగ్గర కిర్రుమని చప్పుడైంది.

"ఆగు!"

గుమ్మంలోంచి వచ్చిన ఆ కేకకి నవ్వులు కోసినట్టు ఆగిపోయాయి. కెజీయా లోపలికి వస్తోంది.

"వదలటం రాదు నీకు. ఇంకొక్క చుట్టు అట్టాగే తిప్పావంటే చిరిగిపోద్ది. లెగు."

"ఆడమనిషా?" అన్నాడు జెబూలూను పెదనాన్న, కోపంగా కాదు, తెలియక.

"పీట వాళ్లింటిదే పెద్దయ్యా," అన్నాడు మాస్టారు. "కూర్చోనీ."

అషేరు లేచాడు. కెజీయా కూర్చుంది. కర్రని రెండుచేతులా పట్టుకుని, ముందు రూబేనుని ఆగమని, ఒరిగిన అంచుని నాలుగు చుట్లు వెనక్కి తీయించి సమం చేసింది. ఏళ్ల తరబడి నూలు తెంపకుండా వదిలిన చేతులవి. "ఇప్పుడు తిప్పు," అంది. తోలు కాలవలో నీళ్లు పారినట్టు చప్పుడు లేకుండా కదిలింది.

అప్పటినుంచి నవ్వులు తగ్గాయి, కేకలు మెత్తబడ్డాయి. ఆమె కుడిచేతి కింద నుంచి వారాలు ఒక్కొక్కటే బయటికొచ్చి ఎడమపక్కకి వెళ్లిపోతున్నాయి. చైత్రం, పిల్లలు పదకొండు మందికి ఆటలమ్మ పోసిన వారం. మాఘం, సీనాయి కొండ ఉరిమిన పాఠం, హదస్సా అవ్వ మనవరాలి పెళ్లి. దాని ముందు వారం, సముద్రం చీలిన పాఠం, రూబేను కొడుకు పుట్టిన వారం. ఆ పెళ్లికి కెజీయా వెళ్లలేదు, ఆ పిల్లవాణ్ణి ఎత్తుకోలేదు. ఆమె కర్ర మీదినుంచి కళ్లు ఎత్తకుండా అన్నీ వింటోంది. తను లేకుండా నడిచిపోయిన ఏడాది తన చేతుల్లోంచే నడిచిపోతోంది. అషేరు ఆమె పక్కనే నిలబడ్డాడు. ఈ తోరా వెనక్కి తిరుగుతున్నకొద్దీ అన్న దగ్గరికి వస్తున్నామని అతనికి అప్పుడు తట్టింది. ఇది తట్టినవాడు అతనొక్కడే కాదని చుట్టూ చూస్తే తెలిసింది. కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు.

యోసేపు అన్నల పాఠం పోయింది. యాకోబు కలగన్న నిచ్చెన పోయింది. అబ్రాహాము గుడారం పోయింది. మాస్టారు మరో పాఠం పేరు చదవాలి, నోరు తెరిచి చదవలేదు. పుట మీద ఓడ ఉంది, నీళ్లు ఉన్నాయి. ఎవరూ కేకేయలేదు. రూబేను చెయ్యి దానంతటదే ఆగింది.

"ఈ వారం నఫ్తాలి పోయాడు," అంది కెజీయా, అందరికీ వినపడేట్టు. "తోరా మిగిలింది." తర్వాత రూబేనుతో, "తిప్పు," అంది.

ఇక మిగిలింది ఒక్క పాఠం, కొన్ని పుటలు. కుడికర్ర దాదాపు బోడిదైంది. నీళ్లు ఎడమపక్కకి వెళ్లిపోయి చుట్టలో కలిసిపోయాయి. మొదటి పుట వచ్చింది, భూమి ఆకారం లేకుండా, చీకటిగా, ఎవరూ ఇంకా ఏమీ పలకని చోటు. రూబేను చేతులు తీసేశాడు. చదవటానికి మాస్టారు అక్షరాల వెంట నడిపే పుల్ల పుచ్చుకున్నాడు. కెజీయా మాత్రం కర్ర వదల్లేదు.

"ఇక్కడ ఉన్నాడు," అంది.

ఆ మాట అందరికీ అర్థమైంది. నిరుడు ఈ పాఠం చదివిన వారం నఫ్తాలి ఉన్నాడు. మగ్గం నేశాడు, అన్నం తిన్నాడు, శనివారం ఈ గోడ పక్కనే నిలబడి పాడాడు. ఈ పుట దాటితే వచ్చే శనివారం నీళ్లే. ఆమె ఆ కర్ర వదలకూడదని అషేరూ కోరుకున్నాడు. ఆ గదిలో అన్న ఉన్నాడనీ, తల తిప్పితే కనపడతాడనీ అనిపించి, తల తిప్పటానికి భయపడ్డాడు. జెబూలూను పెదనాన్న తలమీది శాలువా మొహం మీదికి లాక్కున్నాడు. పిల్లలు జెండాలు దించేశారు.

"చదవకండి మాస్టారూ," అంది కెజీయా. "ఈ ఏడు ఇక్కడే ఉంచండి."

మాస్టారు పుల్ల బల్లమీద పెట్టి, నేలమీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాక మిగతావాళ్లూ కూర్చున్నారు. బయట పందిళ్లలో పండగ వంట చల్లారిపోతోంది. ఎవరూ కదల్లేదు. అదెంతసేపో తర్వాత ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఆమె పుటవంక చూస్తూనే ఉంది. ఆ తర్వాత ఆమె చూపు బల్ల చివర మడిచిపెట్టిన కనకాంబరం తొడుగు మీద పడింది.

"ఈ వారం జరిగింది ఎవరూ చెప్పలేదు," అంది.

మళ్లీ తనే అంది.

"నేను చెప్తా. అడక్కుండా నా పెళ్లిచీర కొంగు కోశాడని కోపం వచ్చింది. ఈ వారం ఏడు రోజులూ ఆయనతో నేను మాట్లాడలా. అన్నం పెట్టా, మాట్లాడలా. ఆయనే ఏదో ఒకటి అంటానే ఉన్నాడు, నేను మొహం తిప్పుకున్నా. ఆ పైవారం నీళ్లొచ్చాయి. టార్పాలిన్ భుజానేసుకుని, వెళ్లొస్తానే కెజీయా అన్నాడు." ఆమె కర్రని ఇంకా గట్టిగా పట్టుకుంది. "ఊ అని కూడా అన్లా."

హదస్సా అవ్వ పైకే ఏడ్చింది. కెజీయా ఏడవలేదు. తన చేతులవంక చూసుకుంది. బిగపట్టిన వేళ్లు తెల్లగా అయిపోయాయి.

"ఇక్కడ ఆగితే నేను మాట్లాడకుండానే ఉంటా," అంది. "చదవండి మాస్టారూ."

ఆమె వేళ్లు ఒక్కొక్కటే కర్ర మీదినుంచి లేచాయి. మాస్టారు లేచి చదివాడు. ఆ పుటలో దేవుడు చీకట్లో మొట్టమొదట చేసే పని ఒక మాట పలకటం. ఆయన పలికితే వెలుగు వచ్చింది. ఒక్కో రోజూ ముగిసేచోట జనమంతా ఎలుగెత్తి చెప్పటం ఆ పండగ వాడుక. సాయంకాలమైంది, తెల్లవారింది, ఒక రోజు అని పేటంతా ఒక్క గొంతుతో చెప్పింది. గోడలు మోగి ఆగాయి. అందరి గొంతులూ ఆగిన తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా, కుడికర్ర దగ్గర పీట మీదినుంచి ఒక చిన్న చప్పుడు వినపడింది.

"ఊ."

గడప దగ్గర నిలబడి వెళ్లొస్తానన్న మనిషికి ఇంట్లోంచి ఆడవాళ్లు అనే ఊ అది. అషేరు ఆ మాట విని తలుపువైపు చూశాడు. తలుపు తెరిచే ఉంది, అందులోంచి ఎండ లోపలికి పడుతోంది. రెండో రోజుకి మళ్లీ అందరూ చెప్పారు, ఆమె మళ్లీ ఊ అంది. అట్లా ఆరు రోజుల సృష్టికీ ఆమె ఊకొట్టింది. దేవుడు విశ్రమించిన ఏడో రోజుకి ఆమె గొంతు అందరితో పాటే కలిసి వచ్చింది.

మర్నాడు పండగ వెళ్లాక అషేరు కాగితం, కలం పట్టుకుని మాస్టారి ఇంటికి వెళ్లాడు. వదిన వాకిట్లో తాటాకులు చూశానని, పండగైపోయాక పందిరి ఎందుకని అడిగితే, వచ్చే ఏడుకి ఆకు ఇప్పట్నుంచే ఆరబెట్టుకోవాలంటోందని చెప్పాడు. పీట తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదనీ, ప్రార్థనాలయంలోనే ఉండనీయమందనీ చెప్పాడు. మాస్టారు తల ఊపాడు.

"బొంబాయికి ఏమని రాయమంటారు మాస్టారూ?"



"చాలా సంతోషం, మాకు ఒక్కటే చాలు అని రాయి. రెండు ఉన్నవాళ్లకి వెనక్కి తిప్పే పని ఉండదు," అన్నాడు మాస్టారు. "మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వాళ్లు ఎక్కణ్ణుంచి బయల్దేరతారో మాత్రం నాకు తెలియదు."